కాళ్లకు సామాను చీటీయా?

పరదేశమున పోటీచేయువారికి రెండు పరీక్షలు గలవు. ఒకటి క్రీడారంగమున, రెండవది దారిలో. మొదటిదానిలో నోడుట క్రీడాధర్మము. రెండవదానిలో నోడినచో నా తప్పు దారి నేర్పరచినవారిది. చక్రాల కుర్చీలో గూర్చుండి కుక్కను పందెమున నడపించువారి స్థితి నేటికి నిట్టిదే. ఇది కొలదిమంది ముచ్చటయని పాఠకులు త్రోసివేయరాదు. కొలదిమంది విషయముననే లోకన్యాయము తేటపడును.

ఈ క్రీడను పాశ్చాత్యులు అజిలిటీ యందురు. 1978వ సంవత్సరమున లండనులో జరిగిన క్రఫ్ట్స్ శునక ప్రదర్శనమున, ప్రధానమైన పోటీల నడుమ ప్రేక్షకుల వినోదార్థమై, గుఱ్ఱములు కంచెలు దూకు పందెములను బోలించి దీనిని జూపిరి. విరామవేళ పుట్టిన యాట ఖండాంతరములకు వ్యాపించెను. 1996 మొదలు దీనికి ప్రపంచపు పోటీలును జరుగుచున్నవి. న్యాయనిర్ణేత యేర్పరచిన వరుసలో కుక్క కంచెలు దూకవలెను. గొట్టములలో దూరి వెలువడవలెను. వరుసగా నిలిపిన కఱ్ఱల నడుమ మెలికలు దిరుగవలెను. ఏటవాలు పలకను, ఎత్తైన యిఱుకు వంతెనను, ఊగుపలకను దాటవలెను. మెడకు త్రాడుండదు. నడపువారు కుక్కను గాని యాటంకమును గాని తాకరాదు. మాట, సైగ, దేహపు కదలిక యనునవియే వారి సాధనములు. కఱ్ఱ పడినను, కాలము మించినను దోషము లెక్కకు వచ్చును.

కాళ్లున్నవారు కుక్కతోబాటు పరుగెత్తి, మలుపున ముందు నిలిచి, తమ దేహముతోనే దారి చూపుదురు. చక్రాల కుర్చీలో నున్నవారి కా సదుపాయము లేదు. చేతితో ద్రోయు కుర్చీయైనచో రెండు చేతులును చక్రములమీద నుండును. ఇక సైగ చేయుట యెట్లు? మీటతో నడచు యంత్రపు కుర్చీయైనను ఒక చేయి మీటకు గట్టుబడియే యుండును. కావున వారు మాటకు బదును పెట్టుదురు. కుడి, ఎడమ, దూరముగా బొమ్ము, ఇటు రమ్ము అను పలుకులను నెలల తరబడి కుక్కకు నేర్పి, ఇరువది యడుగుల దూరమునుండియు నొక్క పలుకుతో దానిని ద్రిప్పుదురు. పోటీకి ముందు నడపువారందఱును కుక్కలు లేకుండ రంగమును జుట్టి చూతురు. పరుగెత్తువారు తమ యడుగుల నెంచుకొందురు. కుర్చీలోని వారు పచ్చిక యెక్కడ చక్రమును బట్టునో, రెండాటంకముల నడుమ దారి యెంత వెడల్పో, ఏ చోట నిలిచిన నెక్కువ యాటంకములు కంటి కానునో గణించుకొందురు. ఇది జాలిపడదగిన పని కాదు. శిక్షణ, ఓర్పు, లెక్క మూడును గలిసిన విద్య. వైకల్యపు తీరునుబట్టి తరగతు లేర్పరచి, పలు దేశములవారిని జేర్చి జరుపు పోటీలును వీరికి గలవు. ఆ పోటీలకు బోవలెనన్న సరిహద్దు దాటవలెను.

సరిహద్దు దాటినప్పుడే యిట్టి క్రీడలకు గౌరవము వచ్చినదని చరిత్ర చెప్పుచున్నది. 1948 జూలై 29న, లండను ఒలింపిక్ క్రీడలు ప్రారంభమైన దినముననే, స్టోక్ మాండెవిల్ వైద్యశాలలో వైద్యుడు లుడ్విగ్ గుట్మన్ వెన్నెముక దెబ్బతిన్న 16 మందిచేత విలువిద్య పోటీ జరిపించెను. 1952లో హాలెండు వారు వచ్చి చేరగా నది యంతర్జాతీయమయ్యెను. 1960లో రోము నగరమున 23 దేశములనుండి సుమారు 400 మంది చేరిరి. 1965 యుద్ధమున గుండ్ల దెబ్బలు తిన్న మన సైనికుడు మురళీకాంత్ పేట్కర్ 1972లో హైడెల్బర్గునకు బోయి యీత పందెమున బంగారు పతకము గొనితెచ్చెను. వీరెవ్వరును దారి లేనిచో విజేతలు గాకపోయెడివారు.

ఇక నేటి దారి యెట్లున్నది? కుక్క మాట ముందు చూతము. పిచ్చికుక్కకాటు వ్యాధికి భయపడి యింగ్లండువారు వెలుపలినుండి వచ్చు కుక్కను ఆఱు నెలలు నిర్బంధమున నుంచెడివారు. 2000వ సంవత్సరమునుండి, చర్మము క్రింద గుర్తింపు చిప్పును, టీకాయు, రక్తపరీక్షయు నున్నచో, కొన్ని దేశములనుండి వచ్చు కుక్కల కా నిర్బంధము తొలగించిరి. ఐరోపా సమాఖ్యలో కుక్కకు పాస్‌పోర్టే కలదు. ప్రభుత్వములు తలచుకొన్నచో నెంతటి చిక్కునైనను విప్పగలవనుట కిది నిదర్శనము.

కుర్చీ సంగతి వేఱు. విమానపు ద్వారముకడ యజమానినుండి దానిని దీసికొని, చీటీ గట్టి, పెట్టెలతోబాటు విమానగర్భమున వేయుదురు. దిగునప్పటికి చక్రము వంగియుండవచ్చును; మీట విఱిగియుండవచ్చును. అమెరికా ప్రభుత్వము 2018 డిసెంబరునుండి యీ నష్టముల లెక్కలు విమానసంస్థలచేత జెప్పించుచున్నది. 2019లో నట్లు చెడినవి, తప్పిపోయినవి, ఆలస్యమైనవి పదివేలకు మించినవి. పరుగుపందెగాని జోళ్లు పోయినచో నంగడిలో మఱియొక జత దొరకును. కుర్చీ యట్లు గాదు. అది యజమాని దేహమునకు గొలిచి చేసినది. అరువు కుర్చీలో గంటలకొలది కూర్చున్నచో నొరిపిడిచే పుండ్లు పడును. అవి మానుటకు నెలలు పట్టవచ్చును. పోటీ మాట యటుండనిండు, స్నానపుగదికి బోవుటకైన నితరుల చేతి సాయ మర్థింపవలసి వచ్చును.

దీనికి న్యాయశాస్త్రము చెప్పు వెల యెంత? అంతర్జాతీయ విమానయానమును బాలించు 1999 నాటి మాంట్రియల్ ఒడంబడిక క్రింద కుర్చీయు సామానే. నష్టపరిహారమునకు మితి 2024 డిసెంబరునుండి 1,519 ప్రత్యేక ద్రవ్య హక్కులు, అనగా సుమారు 2,000 డాలర్లు. మంచి యంత్రపు కుర్చీ వెల దీనికి బెక్కు రెట్లు. అంతకు మించి కావలెనన్నచో ముందుగా ప్రత్యేక ప్రకటన చేసి, సంస్థ యడిగినచో నదనపు రుసుము చెల్లింపవలెనట! తన కాళ్లను తనతో గొనిపోవుటకు సుంకము గట్టువారు వీరు తప్ప లోకమున నెవరున్నారు?

కుర్చీలు బరువైనవనియు, విమానముల తలుపు లిఱుకనియు సంస్థలు వాదించును. ఇబ్బంది కలదు, కాదనము. అయినను పందెపు గుఱ్ఱములు సముద్రములు దాటి విమానములలో క్షేమముగా బోవుచునే యున్నవి. వెలగల వస్తువనుకొన్నప్పుడు జాగ్రత్త దానంతట వచ్చును. అమెరికాలో స్వదేశ ప్రయాణముల కీ సామాను మితి కుర్చీకి వర్తింపదు. కొన్ననాటి వెల ననుసరించి పరిహార మీయవలెను. ఒక దేశములో సాధ్యమైనది దేశముల నడుమ నేల సాధ్యము గాదు?

కూటికి లేనివా రుండగా కుక్కల యాటకు దారి యడుగుట విలాసమని కొంద ఱనవచ్చును. విలాసమే యనుకొందము. ఆ దారిననే విద్యార్థి విదేశపు కళాశాలకు బోవును. రోగి చికిత్సకు బోవును. ఉద్యోగి పనికి బోవును. వినోదమును, క్రీడయు సమానమైన హక్కులే యని 2006 నాటి ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడిక ముప్పదవ యధికరణము పలుకుచున్నది. 2007లో మన దేశము దాని నంగీకరించినది. 2009లో మాంట్రియల్ ఒడంబడికలోను జేరినది. ఒక చేతితో హక్కు నొసగి, రెండవ చేతితో దానికి సామాను చీటీ గట్టుట ధర్మమా?

కావున మా కోరిక యొక్కటే. చక్రాల కుర్చీని సామానుల లెక్కనుండి తొలగింపవలెను. చెఱచినవారు దాని పూర్తి వెల నిచ్చుటేగాక, బాగుపడువఱకు దేహమునకు దగిన మఱియొకటి సమకూర్పవలెను. మాంట్రియల్ ఒడంబడికలో నిట్టి సవరణకై పట్టుబట్టుట మన ప్రభుత్వమునకు దగిన పని. స్వాతంత్ర్యమనగా స్వేచ్ఛగా సంచరించుట యని నమ్మి పోరాడిన జాతికి, కదలుటకు కుర్చీయే దిక్కైనవారి సంచారస్వేచ్ఛ పరాయి విషయము గాజాలదు. రంగమున గెలుపోటములను కుక్కయు, నడపువారును దేల్చుకొందురుగాక! ఆ రంగమువఱకు వారిని జేర్చు భారము మాత్రము ప్రభుత్వములది.