పట్టు దొరకని బట్టలు

టీషర్టు, లెగ్గింగ్స్‌తో ఏలూరులో ఈత నేర్చుకుంటున్న నా మేనకోడలిని ఈ వేసవిలో వాటర్ పోలో ఆడమన్నారు. ఈతదుస్తులు తప్పనిసరి అన్నారు. నేనే కొని గుండుగొలను పట్టుకెళ్ళాను. చూడగానే అన్నయ్య మొహం మాడిపోయింది. "చదువుకున్నదానివి, నీకైనా తెలియక్కర్లేదా అమ్మడూ?" అన్నాడు. పిల్లకి పదమూడేళ్ళు.

ఆ ఆట నియమాలు చదివితే ఆశ్చర్యమేస్తుంది. దుస్తులు పారదర్శకంగా ఉండకూడదు, ఉంటే లోపల మరొకటి వేసుకోవాలి. గాయం చేసే వస్తువేదీ ఒంటిమీద ఉండకూడదు. అంటే గాజులూ, గొలుసులూ తీసేయాలి. నూనె రాసుకోకూడదు. అంకె వేసిన టోపీకి చెవుల దగ్గర రక్షణ ఉండాలి. నీళ్ళలో ఒకరినొకరు పట్టి లాగే ఆట ఇది. ఎదుటివాళ్ళ చేతికి చిక్కకూడదనే ఆ బట్ట అంత బిగుతుగా ఉంటుంది. వదులు టీషర్టు ఇట్టే దొరికిపోతుంది. మనం మర్యాద అనుకునే ఓణీ, పైట సంగతి చెప్పాలా? నిండు సభలో ద్రౌపది ఒంటి మీంచి లాగింది దేన్ని?

అన్నయ్య చేలోనే సార్వాకీ, దాళ్వాకీ నాట్లు వేసే ఆడవాళ్ళు చీర మోకాళ్ళ పైకి దోపుకుని, వానలో తడుస్తూ రోజంతా వంగి ఉంటారు. తడిసిన నూలుచీర ఈతదుస్తుల కన్నా ఎక్కువే చూపిస్తుంది. గట్టు మీద మగవాళ్ళుంటారు. ఒక్కరికీ పరువు గుర్తు రాదు. కూలికి తడిస్తే శ్రమ, ఆటకి తడిస్తే సిగ్గుమాలినతనం! ఎవరి ఒంటికి మర్యాద అక్కర్లేదో, ఎవరి ఒంటిని కాపలా కాయాలో కులమే తేల్చేసింది. దేహ రాజకీయాల మీద పత్రాలు సమర్పించిన నాకు, ఆ చేను చూస్తూ పెరిగినా, ఈ మాట ఇన్నాళ్ళూ తట్టలేదు.

ఫోన్లో ఫోటోలు తీస్తారని వదిన భయం. నిజమే. ఆపాల్సింది తీసేవాణ్ణి కదా, పిల్లనెందుకు?

ఒలింపిక్స్‌లో మగవాళ్ళు ఈ ఆట 1900లో మొదలుపెట్టారు. ఆడవాళ్ళని 2000లో గానీ రానివ్వలేదు. బంతి మాత్రం మన చేతులకి సరిపడా కాస్త చిన్నది తయారుచేశారు. బంతి కొలత మార్చడం తేలికే. అనుమతికే నూరేళ్ళు పట్టింది.

ఆ దుస్తులింకా నా సంచిలోనే ఉన్నాయి. "అత్తా, వచ్చే వేసవికి పొట్టవుతాయేమో" అంటోంది పిల్ల. ఆమెకి నూరేళ్ళ వ్యవధి లేదు.