అవ్వకి అర్థం కాని ప్రసంగం



బియ్యం బస్తాకి సవరోళ్ళు మతం మారారని బయటోళ్ళ ఎగతాళి. చర్చి పెద్దది కడితే సంఘం పెరుగుతుందని మన పాస్టర్ల లెక్క. రెండూ మేం ఒప్పుకోం.

గిడుగు రామమూర్తి గారు క్రైస్తవుడు కాదు, అయినా పర్లాకిమిడిలో ఉండి సవర నేర్చుకుని వాచకాలు రాశారు, బడులు పెట్టారు. కెనడా బాప్టిస్టు మిషన్ వాళ్ళు ఒడిశా కొండల్లో, సెరంగోలో ఆస్పత్రి నడిపారు. కొత్త నిబంధన సవరలో వచ్చింది. జ్వరమొస్తే మందు, మన నోటి మాటలో ప్రార్థన. సంఘం పెరిగింది అలాగే.

ఇప్పుడో? మందస, మెళియాపుట్టి కొండల్లో టైల్స్ చర్చి, మైకు మోత, అంతా తెలుగే. మా అవ్వలు గోడకి ఆనుకుని కునికిపాట్లు. హాస్టళ్ళలో పెరిగిన మేమూ సవరలో ఒక్క వాక్యం చదవలేం, ఆ తప్పు మాది కూడా.

స్లాబుకిచ్చే కానుకల్లో సగం సవర చదువుకి పెట్టమని మీ సంఘ పెద్దల్ని అడగండి. ఏమన్నారో ఇక్కడే రాయండి.