ఓటు వేయునపుడు స్త్రీ తలపవలసినది

మన్ననూరునుండి మా చదువరి యొకామె ఉత్తరము వ్రాసినది. ఆమె తోడికోడలు, మూడవబిడ్డ చంక దిగకమునుపే మరల నెల తప్పెనట. ఆసుపత్రికి బోయిన నలుగురికిని దెలియునని వెఱచి, ఊరూర దిరిగి మందులిచ్చు నొకని నాశ్రయించెనట. చావు తప్పినది గాని నేటికిని కోలుకొనలేదు. భ్రూణహత్యకు దైవమిచ్చిన ఫలమని యింటిపెద్ద లనుచున్నారట. ఎన్నికలు వచ్చినప్పుడు, మన దేవుని పేరు చెప్పువారికే ఇంటి యోట్లన్నియు నని నిర్ణయించువారును వారేనట. "ఈమె బాధ కన్నులార చూచుచు, నేను దేనిని బట్టి యోటు వేయవలెను?" అని యామె ప్రశ్నము.

మొదట శాసనమేమో తెలిసికొందము. 1860 నాటి శిక్షాస్మృతి, తల్లి ప్రాణము కాపాడుటకు దప్ప గర్భము తీయుట నేరమనెను. చాటుమాటు మందులకు బలియైనవారు పెక్కండ్రగుటచే, 1964లో ప్రభుత్వము శాంతిలాల్ షా గారి అధ్యక్షతను విచారణసంఘమును నియమించెను. 1969లో బిల్లు రాజ్యసభకు వచ్చునప్పటికి ఆరోగ్యశాఖలో మంత్రిగా నుండిన శ్రీపతి చంద్రశేఖర్ గారు మన రాజమహేంద్రవరమున బుట్టినవారే. 1971లో శాసనమై, 1972 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చెను. 2021 సవరణ ననుసరించి 20 వారములవఱకు ఒక వైద్యుని యభిప్రాయము చాలును. 20 మొదలు 24 వారములవఱకు కొన్ని తరగతుల స్త్రీలకు ఇద్దఱు వైద్యుల యభిప్రాయము కావలెను. కారణములు శాసనమున జెప్పబడినవే యుండవలెను. అందు గర్భనిరోధసాధనము విఫలమగుటయు నొకటి.

ఇందు గమనింపవలసినది మఱియొకటి గలదు. 18 ఏండ్లు నిండిన స్త్రీకి ఆమె సమ్మతి యొక్కటియే చాలును. భర్త సంతకము గాని, అత్తమామల యనుజ్ఞ గాని శాసన మడుగదు. ఆమె పేరు బయటపెట్టిన వైద్యుడు శిక్షార్హుడు. తన ధర్మమునుబట్టి బిడ్డను కనదలచిన స్త్రీకిని శాసనము అంతటి యండయే. ఆమె సమ్మతి లేక గర్భము తీయించినవారికి యావజ్జీవశిక్షవఱకు గలదు. ఆడపిల్ల యని తెలిసికొని తీయించు దుర్మార్గమును అడ్డుటకు 1994లో వేఱొక శాసనము వచ్చెను. కావున నీ శాసనము ఒకరి పక్షమున బుట్టినది కాదు. పాపపుణ్యముల విచారణను ఆమెకును ఆమె దైవమునకును విడిచి, దేహరక్షణమును మాత్రము తాను వహించినది.

మతవిశ్వాసమును రాజ్యాంగమునందే వ్రాసికొన్న నేమగునో ఐర్లండు చూపినది. 1983లో అచటి ప్రజలు, కాతలిక మతాభిమానుల ప్రోద్బలముతో, గర్భస్థశిశువునకు తల్లితో సమానమగు జీవనహక్కు గలదని యోటు వేసి రాజ్యాంగమున జేర్చుకొనిరి. 2012లో మన పొరుగున నున్న బెళగావి యాడపడుచు, దంతవైద్యురాలు, సవితా హలప్పనవర్, పదునేడవ వారమున గర్భము నిలువక గాల్వే పట్టణపు టాసుపత్రిలో జేరెను. బిడ్డ దక్కదని తెలిసియు, గర్భము తొలగింపుడని యామె వేడుకొన్నను, శిశువు గుండె కొట్టుకొనుచున్నంతవఱకు వీలుకాదనిరి. రక్తము విషమై అక్టోబరు 28న ఆమె కన్ను మూసెను. అప్పటి కామెకు 31 ఏండ్లు. 2018 మే 25న ప్రజలు మరల నోటు వేసి, నూటికి 66 మంది యా నిబంధన వలదనిరి. ఓటు వేసిన సంకెలను ఓటే విప్పినది. నడుమ 35 ఏండ్లు గడచినవి. అమెరికాలో 2022 జూన్ 24 తీర్పు ఈ విషయమును రాష్ట్రములకే విడిచినది. నాటినుండి టెక్సాసులోని తెలుగింటి కోడలికొక న్యాయము, కాలిఫోర్నియాలోని ఆమె చెల్లెలికొక న్యాయము.

మన దేశమున శాసనము మేలైనదే. అది మన్ననూరు చేరుటలోనే యున్నది చిక్కు. నల్లమల యడవిలోని చెంచుపెంటలనుండి నిండుచూలాలు ఆసుపత్రి చేరుటయే కష్టమైనప్పుడు, వారములు లెక్కించు శాసన మేమి చేయును? ఇచట మన యోటునకు బని గలదు. శాసనము చేయునది పార్లమెంటు. ఆసుపత్రులు రాష్ట్రప్రభుత్వము చేతిలోనివి. కావున లోకసభకు నిలుచువారిని, ఈ శాసనమును నిలుపుదురా యని యడుగుడు. శాసనసభకు నిలుచువారిని, దగ్గఱి యాసుపత్రిలో వైద్యురాలు నిత్యముండునా, రాత్రివేళ బండి వచ్చునా, గర్భనిరోధసాధనములు దొరకునా యని యడుగుడు. దేవుని పేరు చెప్పి యోటడుగుట 1951 నాటి ప్రజాప్రాతినిధ్యశాసనము ప్రకారము అక్రమము. 2017లో సుప్రీంకోర్టు, అడుగువారి మతమే కాక ఓటరు మతము పేరు చెప్పి యడిగినను అక్రమమే యనెను. ఎవరికి వేసితివని నిన్నడుగు నధికారము భర్తకును లేదు.

సోదరీ! భక్తి మానుమని మేమనము. పూజగదిలో దైవమును తలపుము. ఓటుగదిలో నీ తోడికోడలిని తలపుము. ఆ రెండును పరస్పరవిరుద్ధములు కావు. ఎన్నికలకు వ్యవధి యుండవచ్చును గాని, ఆమె దేహమునకు వ్యవధి లేదు. రేపే ఆమెను ప్రభుత్వపు టాసుపత్రికి దోడ్కొనిపొమ్ము. జరిగినది దాచక వైద్యురాలికి జెప్పుడు. ఆ గుట్టు కాపాడుట వైద్యురాలి ధర్మము.