చట్టం తలుపు మూస్తే, కథ తుపాకీ పట్టింది

1995లో ఫిలిప్పీన్స్‌లో 'దహాస్' అనే సినిమా వచ్చింది. దర్శకుడు చీతో రోన్యో. భర్త హింస భరించలేక పారిపోయే భార్య కథ అది. మరిసెల్ సొరియానో, రిచర్డ్ గోమెజ్, టోంటన్ గుటియెర్రెజ్ ప్రధాన పాత్రధారులు. కాపురంలో పుట్టిన కష్టమే అయినా సినిమా మాత్రం యాక్షన్ సినిమా. అప్పట్లో అక్కడ యాక్షన్ బొమ్మలకున్న గిరాకీ ఒక కారణం కావచ్చు. అంతకన్నా బలమైన కారణం ఆ దేశ చట్టాల్లోనే ఉందనిపిస్తుంది.

వాటికన్‌ను పక్కన పెడితే ప్రపంచంలో విడాకుల చట్టం లేని దేశం ఫిలిప్పీన్స్ ఒక్కటే. ఎప్పుడూ ఇలాగే లేదు. అమెరికా పాలనలో 1917లో పరిమితంగా విడాకులు వచ్చాయి, జపాన్ ఆక్రమణ కాలంలో 1943లో కారణాల జాబితా పెరిగింది. స్వతంత్ర దేశం రాసుకున్న 1950 సివిల్ కోడ్ వాటిని ఎత్తేసింది. 1977 నుంచి ముస్లింలకు మాత్రం వారి వ్యక్తిగత చట్టం కింద విడాకులున్నాయి.

మిగతావాళ్లకు 1987 కుటుంబ కోడే గతి. భర్త పదేపదే కొడితే దాని ప్రకారం విడిగా బతకడానికి కోర్టు అనుమతిస్తుంది. బంధం మాత్రం తెగదు, మరో పెళ్లికి వీల్లేదు. పెళ్లే చెల్లదనిపించుకోవాలంటే, కాపురం చేయగల మానసిక సామర్థ్యం మొదటి నుంచీ లేదని 36వ అధికరణం కింద రుజువు చేయాలి. అంటే తిన్న దెబ్బల లెక్క చాలదు, కొట్టినవాడి మనస్తత్వాన్ని తవ్వి చూపాలి. ఇది మానసిక వైద్యుడు తేల్చాల్సిన జబ్బు కాదని సుప్రీంకోర్టు 2021లో చెప్పి కొంత వెసులుబాటు ఇచ్చింది. అయినా లక్షల పెసోల ఖర్చు ఎక్కడికీ పోలేదు. మన హిందూ వివాహ చట్టంలో 1976 సవరణ నుంచి క్రూరత్వమే విడాకులకు కారణం. ఆ ఒక్క మాట అక్కడ లేదు.

ఇక మిగిలేది మరణం. యాక్షన్ సినిమాలో ప్రతినాయకుడు చావడం మామూలే. కానీ ఫిలిప్పీన్స్‌లో ఆ చావు కథనే కాదు, పెళ్లినీ ముగిస్తుంది. మనకు అతిగా తోచే ముగింపు అక్కడి ప్రేక్షకురాలికి చట్టపరంగానూ సబబే.

'దహాస్' వచ్చిన ఏడాదే, నవంబరులో, లేతే ద్వీపంలో ఎనిమిది నెలల గర్భిణి ఒకామె తనను ఏళ్లుగా కొడుతున్న భర్తను చంపింది. కింది కోర్టు మరణశిక్ష వేసింది. ఆ దేశ శిక్షాస్మృతిలోనే 247వ అధికరణం ఉంది: జీవిత భాగస్వామి పరాయివారితో కలిసి ఉండగా పట్టుకుని అక్కడికక్కడే చంపితే, శిక్ష కొంతకాలం ఊరికి దూరంగా ఉండటమే. పరువు పోయిందన్న కోపానికి చట్టం చూపిన జాలి, ప్రాణం పోతుందన్న భయానికి చూపలేదు. ఎడతెగని హింస మనిషి మనసును ఏం చేస్తుందో 2004 జనవరిలో సుప్రీంకోర్టు ఆమె కేసులో పరిశీలించింది. ఆత్మరక్షణ అని పూర్తిగా ఒప్పుకోకపోయినా శిక్ష తగ్గించింది.

రెండు నెలలు తిరక్కుండా, మార్చి 8న, మహిళలపై, పిల్లలపై హింసను అరికట్టే 9262వ చట్టం వచ్చింది. ఆ మానసిక స్థితిని అది శిక్ష నుంచి కాపాడే వాదనగా గుర్తించింది. వేరుపడే కేసుల్లో భార్యాభర్తలు రాజీపడతారేమోనని ఆరు నెలలు ఆగాలన్న నిబంధనను, హింస ఉన్నచోట ఎత్తేసింది. బరంగాయ్ పెద్ద, అంటే మన సర్పంచ్ లాంటివాడు, 15 రోజుల రక్షణ ఉత్తర్వు ఇవ్వొచ్చు. ఆ పెద్ద భర్తకు చుట్టమైతే ఏం జరుగుతుందో పల్లె తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆపైన కోర్టు శాశ్వత ఉత్తర్వే ఇచ్చినా ఆమె అతని భార్యే.

ఈ ముడి విప్పే బిల్లును ప్రతినిధుల సభ 2024 మేలో 131–109 ఓట్లతో ఆమోదించింది. కాథలిక్ చర్చి గట్టిగా వ్యతిరేకించింది. సెనేట్ దాన్ని ఆమోదించలేదు. 2025 జూన్‌లో ఆ కాంగ్రెస్ గడువు తీరింది, దాంతో బిల్లూ మురిగిపోయింది.