వంటిల్లున్న గది నాకొద్దు

"అమ్మా, ఈసారి హోటల్ గది కాదు, ఏకంగా ఫ్లాటే తీసుకున్నాను. రెండు బెడ్‌రూములు, హాలు, వాషింగ్ మెషీను, ఫుల్ కిచెను. పిల్లలకి ఏం కావాలంటే అది నువ్వు చేసిపెట్టొచ్చు."

పోయినేడాది వేసవి సెలవుల్లో, మనవల్ని తీసుకుని రాజమండ్రి నుంచి హైదరాబాదు మూడు రోజులు వెళ్లొద్దామనుకున్నప్పుడు మా అబ్బాయి అన్న మాట ఇది. ఒక సాయంత్రమంతా ఫోన్లో వెతికి, ఫొటోలు చూసి, రేటింగులు చదివి ఎంచాడు. అమ్మ సుఖపడాలనే ఎంచాడు, అందులో నాకు అనుమానం లేదు. నేనూ సంబరపడ్డాను. రెండు కిలోల బియ్యం, కందిపప్పు, ఆవకాయ, ఇంగువ డబ్బా, చిన్న కుక్కరు సర్దుకున్నాను. చూశారా, రైలెక్కకముందే వంటింట్లోకి వెళ్లిపోయాను!

ఆ ఫ్లాటు మాదాపూర్ వైపు, పన్నెండో అంతస్తు. అలవాటు కొద్దీ పొద్దున్నే అయిదింటికి మెలకువ వచ్చింది. ఎదురుగా స్టవ్వు. పాలు కాచాను, కాఫీ కలిపాను. ఎలాగూ స్టవ్వు వెలిగించాను కదా అని ఉప్మా చేశాను. చిన్నది ఉప్మా తిననంటే దోసెల పిండి తెప్పించి దోసెలు పోశాను. అందరి తిళ్లూ అయ్యేసరికి పది. గిన్నెలు తోమే మనిషి అద్దెలో లేదు. "నువ్వు నిదానంగా పని కానిచ్చుకో అమ్మా, మేం చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం చూసి రెండింటికల్లా వచ్చేస్తాం, పప్పూ అన్నం చాలు" అని వాళ్లు వెళ్లారు. అక్కణ్ణుంచి పాతబస్తీకి వెళ్లి రావడమంటే మాటలా? నాలుగింటికి వాడిపోయిన మొహాలతో వచ్చారు. పప్పు మళ్లీ వెచ్చబెట్టాను. రెండో రోజూ అంతే, కూర మారింది.

తిరుగు రైల్లో అయిదేళ్ల మనవరాలు నా ఒళ్లో పడుకుని, "నానమ్మా, ఆ పెద్ద గడియారంలోంచి బుల్లి బొమ్మ వచ్చి గంట కొట్టింది కదా..." అని మొదలుపెట్టి, ఠక్కున ఆగి, "నువ్వు రాలేదు కదూ" అంది.

అందులో నిష్ఠూరం లేదు. ఉన్న సంగతి అంది. మూడు రోజులు హైదరాబాదులో ఉండి నేను చూసింది ఒక సింకు, దాని మీద కిటికీ, ఆ కిటికీలోంచి సగం కట్టిన ఇంకో అపార్టుమెంటు.

"నిన్నెవరు వండమన్నారు?" అన్నారు మా వారు. నిజమే, ఎవరూ అనలేదు. మా కోడలైతే "బయట తిందాం అత్తయ్యా" అని రెండుసార్లు అంది కూడా. అసలు చిక్కంతా అక్కడే ఉంది. పొయ్యి కళ్లెదురుగా ఉంటే మన చెయ్యి ఊరుకోదు. నలభై ఏళ్లు ఆ పని చేసిన చెయ్యి అది. పిల్లాడు "ఆకలి" అనగానే స్టవ్వు వైపే వెళుతుంది. వంటిల్లు మగవాళ్ల కంటికి అద్దెతో పాటు వచ్చే సౌకర్యం. మన కంటికి అది చెయ్యాల్సిన పని. వద్దని ఎంత మంది చెప్పినా, ఉన్నంతసేపూ మనని పిలుస్తూనే ఉంటుంది. అందుకే చెబుతున్నాను, మనవలతో నాలుగు రోజులు ఊరెళ్లే ఆడవాళ్లు వంటిల్లున్న చోటు తీసుకోకండి. ఎవరైనా తీసుకుంటామన్నా వద్దనండి.

ఇది నా ఒక్కదాని గొడవ అనుకోకండి. కేంద్ర ప్రభుత్వం జనం రోజులో ఏ పనికి ఎంత సమయం పెడుతున్నారో సర్వే చేయిస్తుంది. 2024 లెక్కల్లో, ఇంట్లో జీతంలేని చాకిరీ చేసే ఆడవాళ్లకి రోజుకి 289 నిమిషాలు అందులోనే పోతున్నాయని తేలింది. అదే పని చేసే మగవాళ్లకి 88 నిమిషాలు. పిల్లల్నీ పెద్దల్నీ చూసుకోవడం ఇందులో కలవలేదు, ఆ లెక్క వేరు. 289 నిమిషాలంటే అయిదు గంటలకి పదకొండు నిమిషాలు తక్కువ. సెలవంటే ఆ అయిదు గంటలూ మన చేతికి రావాలి. ఆ పనే ఇంకో ఊళ్లో, మనది కాని స్టవ్వు మీద, ఉప్పుడబ్బా ఎక్కడుందో వెతుక్కుంటూ చేస్తే అది సెలవు కాదు, బదిలీ.

ఇక రెండో రకం ఉంది, చుట్టాలిల్లు. మా ఆడపడుచు మల్కాజిగిరిలో ఉంటుంది. "మా ఇల్లుండగా హోటలేమిటి వదినా, నలుగురూ వింటే ఏమనుకుంటారు?" అంటుంది. ప్రేమగానే అంటుంది. కానీ ఆవిడదీ రెండు గదుల ఇల్లే. ఆయనకి వేళకి మందులు, చప్పిడి తిండి. పనిమనిషి వారానికి రెండు నాగాలు. అక్కడ మనం పిల్లలతో సహా ఆరుగురం దిగితే ఆరు కాఫీలు, ఆరు టిఫిన్లు, ఆరు కంచాలు, ఆరు పక్కబట్టలు. పిల్లలు గెంతితే కింద ఫ్లాటు వాళ్లు, గెంతకపోతే మన ప్రాణాలు. మనం వద్దన్నా ఆవిడ గారెలు వేస్తుంది, వంటింట్లో ఆవిణ్ణి ఒక్కదాన్నీ వదల్లేక మనం కొంగు దోపుకుంటాం. అంటే ఫ్లాటులో ఒక ఆడదాని సెలవు పోయింది, ఇక్కడ ఇద్దరివీ పోతాయి. మొగుడి తరఫు చుట్టాలు ఊరి మీద పడితే ఒంటిచేత్తో వండి వార్చిన రోజులు మనలో ఎవరు మర్చిపోయారు చెప్పండి? అప్పుడు బయటికి నవ్వి లోపల ఏమనుకున్నామో మనకి తెలుసు. మరి అదే పని ఇంకొకరి నెత్తిన ఎందుకు పెట్టాలి? వాళ్లింట్లో దిగకపోతే ప్రేమ తగ్గిపోతుందా? ఒక సాయంత్రం పూతరేకులు పట్టుకుని వెళ్లి, ఒక పూట భోంచేసి వస్తే ఆ బంధానికి వచ్చిన లోటేమీ లేదు.

ఇక్కడ మీలో కొందరు అడ్డం పడతారని తెలుసు. "పిల్లలు బయట తిండి తింటే కడుపు పాడవదా?" అని. మూడు రోజుల్లో ఇడ్లీ, పెరుగన్నం, అరటిపండు, కాచిన పాలు ఏ మాత్రం శుభ్రమైన హోటల్లోనైనా దొరుకుతాయి. మనమే ఇంట్లో మైదా బిస్కెట్లు పెట్టి, హోటల్ ఇడ్లీకి భయపడతాం! మంచినీళ్లు జాగ్రత్తగా చూసుకోండి, కోసి పెట్టిన పళ్లు, రోడ్డు మీద ఐసు మానిపించండి. వేణ్ణీళ్లకి గదిలో ఎలక్ట్రిక్ కెటిల్ చాలు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. అప్పుడే అన్నం అలవాటవుతున్న పసిపాప ఉన్నా, ఏదైనా పడని పిల్లవాడున్నా, ఆస్పత్రి పనిమీద పదీ పదిహేను రోజులు ఉండాల్సి వచ్చినా వంటిల్లు అవసరమే, కాదనను. అప్పుడు కూడా అందులో వండేదెవరో, తోమేదెవరో బయల్దేరకముందే తేల్చుకోండి.

"ఖర్చో?" అంటారు. మేం తీసుకున్న ఫ్లాటు రోజుకి ఆరున్నర వేలు. ఊరి చివరన కాబట్టి రానూపోనూ కారు ఖర్చు వేరే. ఈసారి ఊరి మధ్యలో నలుగురికి సరిపోయే గది మూడు వేల ఎనిమిది వందలకి దొరికింది. పైగా 2025 సెప్టెంబరు నుంచి రోజుకి 7,500 రూపాయల లోపు గదుల మీద జీఎస్టీ 5 శాతానికి దిగింది. మిగిలింది హోటల్ భోజనాలకి సరిపోయింది. అయినా వండుకుంటే ఆదా అన్నప్పుడల్లా నాకు ఒంటికి కారం రాసినట్టుంటుంది. నా మూడు రోజుల పనికి ఖరీదు సున్నా అని వేసుకుంటేనే కదా ఆ ఆదా తేలేది!

మరి ఎలాంటి చోటు ఎంచుకోవాలి? నన్నడిగితే చూడాల్సినవాటి మధ్యలో, మధ్యాహ్నం వచ్చి నడుం వాల్చడానికి వీలుండే చోటు. చిన్నపిల్లలూ పెద్దవాళ్లూ ఒక్క విషయంలో ఒకటే, పన్నెండింటికి ఇద్దరూ సొమ్మసిల్లుతారు. గది దూరమైతే ఎండలో ఈడ్చుకు తిరగాలి, లేదా ఒకరు గదిలో ఉండిపోవాలి. ఉండిపోయేది ఎవరో చెప్పక్కర్లేదు.

మొన్న క్రిస్మస్ సెలవుల్లో అబ్బాయీ కోడలూ మా ఇంట్లో కూర్చుని ఆఫీసు పని చేసుకుంటుంటే, నేనూ మా వారూ మనవలిద్దర్నీ తీసుకుని మళ్లీ హైదరాబాదు వెళ్లాం. ఈసారి చోటు నేనే ఎంచాను. లక్డీకాపూల్. పక్కనే నౌబత్ పహాడ్ మీద బిర్లా మందిరం, 1985లో మొదలైన ప్లానెటోరియం, సైన్స్ మ్యూజియం. తెలంగాణలోని యామనపల్లి దగ్గర తవ్వి తీసిన కోటాసారస్ అనే రాకాసిబల్లి అస్థిపంజరం అందులోనే ఉంది. తొమ్మిదేళ్ల మనవడు దాని ముందు నుంచి కదల్లేదు. సాయంత్రం లుంబినీ పార్కు నుంచి పడవలో హుస్సేన్ సాగర్ మధ్యనున్న బుద్ధుడి దాకా వెళ్లొచ్చాం. మెట్రో ఎక్కితే అయిదో స్టేషను ఎంజీబీఎస్, అక్కణ్ణుంచి ఆటోలో సాలార్‌జంగ్. శుక్రవారం ఆ మ్యూజియానికి సెలవు, సోమవారం జూపార్కుకి సెలవు, అవి చూసుకునే రోజులు వేసుకున్నాను. గోల్కొండ మెట్లు మాత్రం నా మోకాళ్లు వద్దన్నాయి, మానేశాం. పిల్లలేమీ బెంగపెట్టుకోలేదు.

బుక్ చేసేముందు నేనే ఫోన్ చేసి అడిగాను. లిఫ్టు ఉందా? రాత్రి రైలుకి బయల్దేరితే తెల్లవారుజామున దిగుతాం, అప్పుడే గది ఇస్తారా, లేక మధ్యాహ్నం పన్నెండు దాకా రిసెప్షన్లో కూర్చోబెడతారా? స్టేషన్ల చుట్టుపక్కల చాలా చోట్ల దిగిన గంట నుంచి ఇరవైనాలుగు గంటల లెక్క ఉంటుంది, అడిగితేనే చెబుతారు. బాత్‌రూములో కుర్చీ కమోడు, పట్టుకోవడానికి కడ్డీ ఉన్నాయా? నేల జారుతుందా? అదనపు పరుపుకి ఎంత? రాత్రి పదింటికి వేడి పాలు దొరుకుతాయా? ఈ ప్రశ్నలేవీ మా అబ్బాయికి తట్టలేదు. తప్పు వాడిదా? రాత్రి పదింటికి పాలు వెతుక్కునే అవసరం వాడికెప్పుడూ రాలేదు. గదిలో ఎక్కువసేపు ఉండేది ఎవరో, ఎంచుకోవాల్సింది వాళ్లే. మనం "నీకు నచ్చింది చూడరా" అని వదిలేసి తర్వాత సణుక్కుంటే ఏం లాభం?

మా ఆడపడుచుకి ముందే ఫోన్ చేసి, "మీ ఇంట్లో దిగం, కానీ నువ్వు మాతో మ్యూజియానికి రావాలి" అన్నాను. కాస్సేపు అలిగింది. తర్వాత ఆయనకి అన్నం కేరియర్ ఏర్పాటు చేసుకుని వచ్చింది. ముప్ఫై ఏళ్లుగా ఆ ఊళ్లో ఉన్న మనిషి, సాలార్‌జంగ్ చూసి ఇరవై ఏళ్లయిందట. చుట్టాలు వచ్చినప్పుడల్లా వాళ్లు చూడ్డానికి వెళితే తను ఇంట్లో వండేదట.

పన్నెండవడానికి పావుగంట ముందే వెళ్లి గడియారం ఎదురుగా కూర్చున్నాం. జనం మూగారు. మనవరాలు నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఇప్పుడొస్తాడు చూడు నానమ్మా, రెప్ప వెయ్యకు" అంది. బుల్లి బొమ్మ వచ్చింది. పన్నెండు గంటలూ అది పైకి లెక్కపెట్టింది. ఇటు పక్క మా ఆడపడుచు కూడా పెదాలు కదుపుతూ లెక్కపెడుతోంది.

ఆ పన్నెండింటికి మా ఇద్దరిలో ఎవరం పొయ్యి దగ్గర లేము. ఎన్నేళ్లకో మరి.

కాబట్టి రేపు మీ పిల్లలు ఫోన్ చేసి "ఫుల్ కిచెన్ ఉందమ్మా" అని సంబరంగా చెబితే కోప్పడకండి. ఒక్క మాట అడగండి. "అందులో వండేదెవర్రా?" అని.