నలుగురి మాట, ఇద్దరి మాట

ఊళ్లో తగువు తెగకపోతే "నలుగురిలో పెట్టండి" అంటారు. సుప్రీంకోర్టులోనూ చివరికి తలల లెక్కే. రాజ్యాంగం 145వ అధికరణం ప్రకారం మెజారిటీ జడ్జీలు చెప్పిందే తీర్పు. 141వ అధికరణం ప్రకారం దేశంలోని మిగతా కోర్టులన్నీ దానికి కట్టుబడాలి. బాగానే ఉంది. కానీ ఎక్కువమంది చెప్పారు కాబట్టి చట్టానికి అదే సరైన అర్థం అయిపోతుందా? కాదనే నా అభిప్రాయం.

ఖరక్ సింగ్ కేసు చూడండి. ఉత్తరప్రదేశ్‌లో 1941లో ఆయన్ని ఒక దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యాలు లేక వదిలేశారు. అయినా పోలీసులు ఆయన పేరు మీద హిస్టరీ షీట్ తెరిచారు. అర్ధరాత్రి తలుపు కొట్టడం, ఎక్కడికెళ్తున్నాడో ఓ కంట కనిపెట్టడం మొదలైంది. 1962 డిసెంబరులో ఆరుగురు జడ్జీలు తీర్పిచ్చారు. రాత్రిపూట ఇంటికి రావడం చెల్లదని అందరూ ఒప్పుకున్నారు. మిగతా నిఘా దగ్గరే తేడా వచ్చింది. గోప్యత రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదు, కాబట్టి కదలికలు గమనిస్తే తప్పులేదని నలుగురన్నారు. ఇద్దరు ఒప్పుకోలేదు: మన రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు గారు, జె.సి. షా గారు. గోప్యత వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమేనని, నిఘా నీడలో తిరిగేవాడిది స్వేచ్ఛ కాదని సుబ్బారావు గారి వాదన.

4–2. అయిపోయింది. తర్వాత కొన్ని చిన్న బెంచీలు గోప్యతను కొంతవరకు గుర్తించినా, ఆ నలుగురి మాట పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. ఆధార్ కేసులో గోప్యత ప్రాథమిక హక్కే కాదని ప్రభుత్వం వాదించడానికి అదే ఆధారమైంది. దాంతోపాటు 1954లో ఎనిమిది మంది జడ్జీలు ఇచ్చిన ఇంకో తీర్పు కూడా. ఎనిమిది మంది మాట తీసేయాలంటే తొమ్మిది మంది కూర్చోవాలి. కూర్చున్నారు. 2017 ఆగస్టు 24న తొమ్మిది మందీ ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. సుబ్బారావు గారి మాట నెగ్గడానికి 55 ఏళ్లు పట్టింది. ఈలోపు పోలీసు కళ్ల కింద బతికినవాళ్ల సంగతేంటి?

అలాగని మైనారిటీదే ఎప్పుడూ రైటు అనడం లేదు. 1973లో కేశవానంద భారతి కేసు 7–6తో తేలింది. ఒక్క ఓటు తేడా! రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు మార్చలేదన్న ఆ సూత్రం మాత్రం ఈరోజుకీ గట్టిగా నిలబడింది. 7–6 నిలిచింది, 4–2 కూలింది. అంటే తీర్పును నిలబెట్టేది అంకె కాదు, దాని వెనకున్న కారణాలు.

మన భాషలో చెప్పాలంటే, మూడు సెన్సర్లలో రెండు ఒకలా, ఒకటి వేరేలా చెబితే ఆ ఒక్కటీ పాడైందనుకుని దాని రీడింగ్ పక్కన పడేస్తాం. కోర్టు అలా చేయదు. విభేదించిన జడ్జి మాటనూ మెజారిటీ తీర్పుతో పాటే ప్రచురిస్తుంది. నాకు ఈ వ్యవస్థలో బాగా నచ్చింది ఇదే. తగువు ఈరోజుకి తెగాలి కాబట్టి మెజారిటీని పాటిస్తాం. కానీ ఆలోచన ఆగకూడదు కాబట్టి రెండో మాటనూ దాచుకుంటాం.

2018లో ఆధార్ చట్టాన్ని 4–1తో సమర్థించారు. ఆ ఒక్కరు జస్టిస్ చంద్రచూడ్. దాన్ని మనీ బిల్లుగా పాస్ చేయడమే రాజ్యాంగ విరుద్ధమన్నారు. ఆ మాట నెగ్గుతుందో లేదో ఎవరూ చెప్పలేరు. సిమ్ నుంచి స్కాలర్‌షిప్ దాకా ఆ 12 అంకెలతో తిరిగే మనం, "నలుగురితో నారాయణ" అనుకుని హెడ్‌లైన్ దగ్గరే ఆగకుండా, ఆ ఐదో జడ్జి ఏమన్నారో కూడా ఒకసారి చదవాలి.