హద్దు రాయి దగ్గర ఒలికిన రక్తం

ప్రతి సంవత్సరం అక్టోబరు 21న దేశమంతటా పోలీసు అమరవీరుల సంస్మరణ దినం జరుపుతారు. 1959లో అదే రోజున లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ వద్ద చైనా సైనికుల కాల్పుల్లో 10 మంది పోలీసులు ప్రాణాలు విడిచారు. అప్పటి నుండి ఆ రోజున విధి నిర్వహణలో మరణించిన వారి పేర్లు చదివి, పూలు ఉంచి, మౌనం పాటిస్తున్నారు. ఇది మంచి ఆచారం. కానీ యూనిఫాం లేకుండా, చేతిలో లాఠీ కూడా లేకుండా, కాగితాలు పట్టుకొని పొలానికి వెళ్లి చనిపోయిన ఉద్యోగి పేరు ఏ పరేడ్ మైదానంలో చదువుతారు? ఈ ప్రశ్న మమ్మల్ని చాలాకాలంగా బాధిస్తున్నది.

కోలార్ జిల్లా బంగారపేట తహసీల్దారు బి.కె. చంద్రమౌళేశ్వర 2020 జూలై 9న కామసముద్రం దగ్గరి కళవంచి గ్రామంలో ఒక వివాదాస్పద భూమి సర్వేకు వెళ్లారు. అది కరోనా కాలం. తాలూకాలో ఆ పనుల భారమంతా తహసీల్దార్ల మీదే ఉండేది. ఆ భారం మోస్తూనే ఆయన హద్దులు తేల్చడానికి వెళ్లారు. అక్కడ వాగ్వాదం జరిగింది, కత్తిపోట్లకు ఆయన బలైపోయారు. పట్టుబడిన వ్యక్తి రౌడీ కాదు, తీవ్రవాది కాదు. పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైన ఉపాధ్యాయుడు. ఈ విషయమే మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టింది. చదువు చెప్పిన చేతికి కత్తి ఎలా వచ్చింది?

మన తెలుగు పాఠకులకు ఇలాంటి గాయం కొత్తది కాదు. అంతకు ఎనిమిది నెలల ముందు, 2019 నవంబరు 4న, హైదరాబాదు శివార్లలోని అబ్దుల్లాపూర్‌మెట్‌లో తహసీల్దారు విజయారెడ్డిని ఆమె కార్యాలయంలోనే సజీవ దహనం చేశారు. ఆమెను కాపాడబోయిన డ్రైవరు గురునాథం కూడా కాలిన గాయాలతో చనిపోయారు. నిప్పు పెట్టినవాడూ బ్రతకలేదు. ఒక భూమి తగాదా మూడు ఇళ్లలో దీపాలు ఆర్పింది. అప్పుడు కొందరు, రెవెన్యూ వాళ్లకు ఇలాగే కావాలి అన్నట్లు మాట్లాడారు. ఆ మాటను మేము అప్పుడూ ఖండించాము, ఇప్పుడూ ఖండిస్తున్నాము. లంచం పాపమే, ఆలస్యం అన్యాయమే. అయినా వాటికి శిక్ష ఒక మనిషి ప్రాణం కాదు.

కోలార్‌లో భూమి అంటే ఏమిటో తెలిసినవారికి ఈ ఘోరం వెనుక ఉన్నది అర్థమవుతుంది. ఏడాది పొడుగునా పారే నది లేని జిల్లా ఇది. చెరువులు ఎండితే బోర్లు, బోర్లు ఎండితే అప్పులు. 2001 ఫిబ్రవరి 28న బంగారు గనులు మూతబడ్డాయి. తరతరాలుగా గని మీద బ్రతికిన కుటుంబాలు, వారిలో ఎక్కువమంది దళితులు, తెల్లవారుజామున బెంగళూరు రైలెక్కే కూలీలయ్యారు. మరోవైపు అదే బెంగళూరు దగ్గరవుతున్న కొద్దీ ఇక్కడి భూమి ధర పెరిగింది. నిన్నటి వరకు ఎవరూ పట్టించుకోని గట్టు ఈ రోజు లక్షలు పలుకుతుంది. పహాణీలో ఒక పేరు, సాగులో మరొకరు, సర్వే నంబరులో ఇంకో లెక్క. ఈ చిక్కు ముడి విప్పమని ఏళ్ల తరబడి అర్జీలు పెట్టుకున్నవాడి కోపం చివరికి ఎదురుగా కనిపించిన మనిషి మీద పడుతుంది. ఆ మనిషి తహసీల్దారు కావచ్చు, సర్వేయరు కావచ్చు, బందోబస్తుకు వచ్చిన కానిస్టేబులు కావచ్చు.

చంద్రమౌళేశ్వర కుటుంబానికి 25 లక్షల రూపాయల పరిహారం, ఒకరికి ఉద్యోగం ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. అది కనీస ధర్మం. కానీ నిజమైన నివాళి అక్కడ ఆగదు. వివాదం ఉందని తెలిసిన పొలానికి తగినంత పోలీసు తోడు లేకుండా ఏ ఉద్యోగినీ పంపకూడదు. సర్వే తేదీ ఇరుపక్షాలకు ముందుగా తెలియాలి, వారి మాట ముందు కార్యాలయంలో వినాలి. పేదవాడి అర్జీకి గడువులోగా జవాబు రావాలి. ఇవి జరిగితే రేపు మరొక అధికారి భార్యా పిల్లలు ఏడవనవసరం లేదు.

ఇంకొక మాట కూడా చెప్పకపోతే మేము సత్యం పలికినట్లు కాదు. 2000 మార్చి 11న, అప్పటి కోలార్ జిల్లాలోని కంబాలపల్లిలో ఏడుగురు దళితులను ఇంట్లో పెట్టి కాల్చి చంపారు. సాక్షులు ఎదురు తిరిగారు, 2006లో నిందితులందరూ విడుదలయ్యారు, 2014లో హైకోర్టు కూడా ఆ తీర్పునే నిలిపింది. అధికారి ప్రాణం విలువైనదే, కూలివాని ప్రాణమూ అంతే విలువైనది. చట్టం ఒకరికి కాపలా కాసి మరొకరిని వదిలేస్తే దాని మీద ప్రజలకు నమ్మకం పోతుంది. నమ్మకం పోయిన చోట కత్తి నమ్మకమవుతుంది. కాబట్టి చట్టాన్ని అమలు చేయడానికి వెళ్లి చనిపోయినవారిని గౌరవించడం, చట్టం చేరని పేదల పక్షాన నిలబడడం రెండు వేర్వేరు పనులు కావు.

పొరుగువాని గట్టు జరపవద్దని మోషే ధర్మశాస్త్రం హెచ్చరించింది. నాబోతు ద్రాక్షతోట కోసం రాజు ఇంటి వారే హత్య చేయిస్తే ప్రవక్త ఊరుకోలేదు. హద్దు రాయి జరిపేవాడు, ఆ తగాదాలో నెత్తురు చిందించేవాడు, ఇద్దరూ దేవునికి లెక్క చెప్పవలసినవారే. మన సంఘాలలో కూడా అన్నదమ్ముల మధ్య, దాయాదుల మధ్య గట్టు తగాదాలు లేవా? ఆదివారం పక్కపక్కన కూర్చొని సోమవారం ఒకరి మీద ఒకరు కేసు పెట్టుకునేవారు లేరా? అర్జీ రాయడం రానివారికి రాసిపెట్టడం, కోపంతో ఉన్నవాని పక్కన కూర్చొని వినడం, పెద్దలను పిలిచి మాట్లాడించడం మన చేతిలో ఉన్న పనులు.

రాబోయే అక్టోబరు 21న పోలీసు అమరవీరుల కోసం ప్రార్థించేటప్పుడు కళవంచి పొలంలో పడిపోయిన ఆ తహసీల్దారును, అబ్దుల్లాపూర్‌మెట్‌లో పై అధికారిని కాపాడబోయి ప్రాణమిచ్చిన ఆ డ్రైవరును కూడా పేరు పెట్టి తలచుకుందాం. ఆ ప్రార్థన అయ్యాక, మన ఊరిలో ఏళ్లుగా నలుగుతున్న ఒక్క హద్దు తగాదానైనా శాంతిగా తీర్చడానికి లేచి వెళదాం.